టిచ్చు బటన్ల గర్భసంచి

పోయినేడు నా పదవీ విరమణ సభలో నలుగురు మాట్లాడారు. నలుగురూ ఒకే సంగతి చెప్పారు. ఈ మేడం గుడ్డతో గర్భసంచి కుట్టించింది, పల్లెటూరి ఆడవాళ్ళకు ఒళ్ళు ఎలా ఉంటుందో చూపించింది, పెద్దసారు చేతుల మీదుగా శాలువా కప్పించుకుంది అని. దండ బరువుకు నేను తల వంచుకుని కూర్చున్నాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. ఆ శాలువా ఇప్పుడు ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు మా ఇంటికి వచ్చి "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటున్నారు. వాళ్ళ చేతుల్లో ట్యాబులున్నాయి. తెర మీద వేలితో తోస్తే గర్భాశయం గిరగిరా తిరుగుతుంది, నొక్కితే రంగు మారుతుంది. చాలా బాగుంది. నేనూ అలాంటి బాగున్న వస్తువుతోనే తప్పు చేశాను కాబట్టి, సభలో ఎవరూ చెప్పని సగం మీకు చెబుతాను.

నా ఉద్యోగం గొల్లపల్లి దిక్కున ఒక ఉపకేంద్రంలో ఏఎన్ఎంగా మొదలైంది. అక్కడే పదిహేనేళ్ళకు పైగా ఉన్నాను. తర్వాత కోరుట్ల, చివరికి సూపర్‌వైజరుగా సిరిసిల్ల వైపు. ఈ మొత్తం కాలంలో నేను ఎన్ని కాన్పులు చేశానో లెక్కలేదు గానీ, పుట్టే బిడ్డ ఏ దారిన వస్తుందో ఆ దారి పేరు మాత్రం నోటితో పలికిన గుర్తు లేదు. "అక్కడ నొప్పా?" "కింద మంటా?" "లోపల బరువా?" మా వైద్యమంతా ఈ మూడు మాటల మీద నడిచింది. రోగి, నర్సు ఇద్దరూ ఆడవాళ్ళే, ఇద్దరికీ ఉన్నది ఒకటే శరీరం, అయినా దొంగసొత్తు గురించి మాట్లాడుకుంటున్నట్టు మాట్లాడుకునేవాళ్ళం.

పేర్లు పలకకపోయినా రాతపనికి లోటు లేదు. ఊరూరికీ ఒక పెద్ద రిజిస్టరు ఉండేది, ఇంకా పిల్లలు పుట్టే వీలున్న దంపతుల పేర్లన్నీ అందులో ఉండేవి. వాళ్ళ వెంటపడి కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఒప్పించడం మా పని. ఎవరికైనా గర్భసంచి తీసేశారని తెలిస్తే ఆ పేరు మీద ఎర్ర ఇంకుతో గీత కొట్టేవాళ్ళం. ఇక ఆ ఇంటికి తిరగక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఆ గీత కొట్టినప్పుడు ప్రాణం హాయిగా ఉండేది. ఎందుకు తీశారు, ఎన్నేళ్ళ మనిషికి తీశారు అని రాయడానికి ఆ రిజిస్టరులో గడి లేదు. గడి లేని సంగతి మేం అడగలేదు.

సిరిసిల్ల వైపు వచ్చేసరికి కాలం మారింది. ఆడవాళ్ళను కూర్చోబెట్టి శరీరం గురించి చెప్పమని ఆర్డర్లు వచ్చాయి, వాటితో పాటు ఒక కాగితం చార్టు కూడా వచ్చింది. నాతో పాటు పనిచేసే మగ హెల్త్ అసిస్టెంటు ఒకాయన ఉండేవాడు. మంచివాడు, దోమల గురించి గంటసేపు గుక్క తిప్పుకోకుండా చెప్పగలడు. నేను చార్టు చుట్ట విప్పడం మొదలుపెట్టగానే "మేడం, సిగ్నల్ వస్తలేదు" అంటూ ఫోను పట్టుకుని బయటికి వెళ్ళేవాడు. చార్టు మళ్ళీ చుట్టేదాకా ఆయనకు సిగ్నల్ దొరికేది కాదు.

ఆ చార్టు చూసి ఒక్కరికీ ఏమీ అర్థం కాలేదు. "గిదేంది, మేకతలకాయా?" అని అడిగేవారు. ఎదురుగా నిలబెట్టి గీసిన బొమ్మ అది. మధ్యలో గర్భాశయం, రెండు పక్కలా చేతులు చాపినట్టు ట్యూబులు, వాటి కొసల దగ్గర అండాశయాలు. నిజమే, కొమ్ములున్న మేకతల లాగే ఉంటుంది. ఇంతకీ అది ఎంత ఉంటుంది అని అడిగితే ఒకామె రెండు చేతులూ చాపి చూపించింది. ఆమె లెక్కన గర్భసంచి అంటే వడ్ల బస్తా. పిల్లలు పుట్టడం అయిపోయాక ఖాళీ బస్తా లోపల ఊరికే వేలాడుతుందని ఆమె నమ్మకం. బిడ్డ లేనప్పుడు అది చిన్న జామకాయంత, తొడిమ కిందికి పెట్టి తలకిందులుగా పట్టుకున్నట్టు ఉంటుంది అంటే నవ్వింది. "గంత చిన్నదాన్ల పోరలెట్ల పడుతరు మేడం?"

అప్పుడే నాకు గుడ్డ బొమ్మ ఆలోచన వచ్చింది. చేత్తో పట్టుకుంటే నమ్ముతారని.

సిరిసిల్లలో లంగాలు కుట్టే ఒక పెద్దాయన నాకు తెలుసు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, వచ్చిన గుడ్డను డజన్ల కొద్దీ లంగాలుగా కుట్టి పంపేవాడు. నలభై ఏళ్ళ అనుభవం. చార్టు తీసుకెళ్ళి ఆయన మిషను మీద పరిచాను.

"ఏందమ్మా గిది? మేకతలకాయ కుట్టాల్నా?"

"కాదన్నా. ఆడోళ్ళ కడుపుల ఉంటది గదా, గర్భసంచి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు లంగాలు కుట్టిన మనిషిని, లంగా లోపలి సంగతి కుట్టమని అడిగింది నేనే మొదటిదాన్ని అయ్యుంటాను. కాసేపు వీధి వైపు చూసి, "అయితే కొలతలు చెప్పున్రి" అన్నాడు.

ఒకసారి పనిలో దిగాక ఆయనకు సిగ్గు పోయింది. ఎవరైనా పనిమంతుడికి అంతే కదా. గులాబీరంగు గుడ్డలో దూది నింపి గర్భాశయం చేశాడు. లోపల ఎర్ర లైనింగు, నెలనెలా ఊడి పడే పొర అదే. లంగా నాడాలతో ట్యూబులు చేసి, నాడా కొసలు విప్పి కుచ్చులు చేశాడు. అచ్చంగా ట్యూబుల కొసలు అలాగే ఉంటాయి, అండాన్ని అందుకునే వేళ్ళలాగా. నేను ముచ్చటపడిపోయాను. ఆయనకో ఉపాయం కూడా చెప్పాను. ఏ భాగానికి ఆ భాగం విడదీసి చూపించాలి కాబట్టి, అన్నీ టిచ్చు బటన్లతో బిగించమన్నాను.

"బటన్లు పెడితే గట్టిగుండది చెల్లె. ఊకె ఊడుతది."

"ఊడాలన్నా. ఊడితేనే పాఠం."

నా ఉద్యోగ జీవితంలో ఇంత తెలివితక్కువ మాట ఇంకొకటి అనలేదు. కానీ ఆ మాటకే శాలువా వచ్చింది.

బొమ్మ ఊళ్ళలో బ్రహ్మాండంగా నడిచింది. అండాశయం టిక్కుమని తీసి చేతిలో పెడితే ముసలమ్మలు కూడా ముందుకు జరిగేవారు. గర్భాశయం టిక్కుమని తీసి పైకెత్తితే చప్పట్లు కొట్టేవారు. జగిత్యాల వాళ్ళు పిలిచారు, కోరుట్ల వాళ్ళు పిలిచారు. నేను బొమ్మను గుడ్డసంచిలో వేసుకుని నాటక కంపెనీ లాగా తిరిగాను. మా హెల్త్ అసిస్టెంటుకు కూడా ధైర్యం వచ్చింది, ఫోను అడ్డం పెట్టుకుంటే సిగ్గు అనిపించదని కనిపెట్టి, నా పాఠం మొత్తం వీడియో తీసి గ్రూపుల్లో పెట్టాడు. నాకు సన్మానం చేసిన రోజు మా శాఖ పెద్దసారు వేదిక మీద బొమ్మను చేత్తో పట్టుకుని పావుగంట పొగిడారు. తలకిందులుగా పట్టుకున్నారు. ముందు వరుసలో డాక్టర్లున్నారు, నర్సులున్నాం, ఎవరమూ చెప్పలేదు. శాలువా కప్పుతున్న మనిషితో అలాంటి మాట ఎలా అంటాం?

కోరుట్లలో మాత్రం ఒక చిన్న సంగతి జరిగింది. మీటింగు అయిపోయాక బీడీలు చేసే ఒకామె లేచి అడిగింది. "మేడం, తీసేసినంక మల్ల ఎప్పుడన్న కావాల్నంటే పెట్టుకోవచ్చా?"

హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఆ మాట పక్కన ఆగి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే, తర్వాతి కథ ఉండేది కాదు. ఆ పిచ్చిది అడిగినది నేను నేర్పిన పాఠాన్నే.

ఒక సోమవారం ఆశా కార్యకర్త మా ఆఫీసుకు వచ్చింది. ఈ ఆశా గంభీరావుపేట దిక్కు ఊళ్ళో పనిచేసేది. నోరు కత్తెర, మనసు మాత్రం మంచిది. నిలబడే చెప్పింది.

"మేడం, మన బీడీల పిల్ల గురువారం ఆపరేషన్‌కు పోతున్నది. గర్భసంచి తీపిచ్చుకుంటదట."

ఆ పిల్ల నాకు తెలుసు, కోరుట్లలో అడిగినామె కాదు. ఇరవై ఏడేళ్ళుంటాయి. ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది, మొగుడు సిరిసిల్లలో సాంచాల మీద పని. నా మీటింగుల్లో ఎప్పుడూ ముందు కూర్చునేది.

"ఎందుకట?"

"తెల్లబట్ట, నడుం నొప్పి."

"ఎవలు చూసిన్రు?"

"చూసుడెందుకు మేడం, చెప్పిండు గదా మన డాక్టరు."

మన డాక్టరంటే ఊళ్ళోని ఆర్ఎంపీ. ఆయన దగ్గర సూదులుండేవి, స్కూటరుండేది, టౌనులోని ఒక ప్రైవేటు దవాఖానకు మనుషులను పంపే అలవాటు ఉండేది. ఆ దవాఖాన పేరు, ఊరు చెప్పను. అప్పటికప్పుడు ఆశాను వెంటబెట్టుకుని బయలుదేరాను.

ఆ పిల్ల ఇంటి అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. ఆ పిల్ల చెయ్యి ఆగకుండానే "కూసోన్రి మేడం" అంది. పక్కనే వాళ్ళ అత్త. యాభై ఏళ్ళుంటాయేమో, చూడ్డానికి డెబ్బైలా ఉంటుంది. నేను కూర్చుని, చెప్పాల్సినవన్నీ చెప్పాను. తెల్లబట్టకు చాలాసార్లు మందులు సరిపోతాయని, పొద్దంతా వంగి కూర్చుంటే ఎవరి నడుమైనా గుంజుతుందని, ఈ వయసులో తీయించుకుంటే ముందు ముందు కష్టమని. పిల్ల అన్నీ విన్నది. ఆకు కొలత రేకు మీద పెట్టి కోస్తూనే అంది.

"మీకేం మేడం, చెప్తరు. నెలకు నాలుగు దినాలు నేను కూసోలేను, లేవలేను. ఊకె ఉంచితే క్యాన్సర్ అయితదని చెప్పిండు. ఇద్దరు పోరగాండ్లు ఉన్నరు నాకు. ఇంకా గదెందుకు లోపల?"

"అది మామూలు ఆపరేషన్ కాదమ్మా."

పిల్ల మొదటిసారి చెయ్యి ఆపి నా ముఖంలోకి చూసింది.

"మీరే చూపెట్టిన్రు గద మేడం, టిక్కుమని వస్తదని."

ఎగతాళి చేస్తోందేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అంటోంది. పక్కనున్న ఆమె ఫోను తీసి చూపించింది. ఆర్ఎంపీ పంపిన వీడియో. అందులో నేనే ఉన్నాను. కొత్తచీర, పౌడరు, చేతిలో గులాబీ గర్భాశయం, టిక్. నవ్వుతున్నాను కూడా.

వచ్చేటప్పుడు ఆర్ఎంపీని నిలదీశాను. ఆయన చాలా మర్యాదస్తుడు, కుర్చీ తుడిచి వేశాడు. "నేను ఒక్క అబద్ధం గూడ చెప్పలే మేడం. భయపడేటోళ్ళకు మీ వీడియో చూపెడుతున్న, గంతే. మీ అసొంటి పెద్దోళ్ళు చెప్తె నమ్ముతరు గదా." ఆయన పిలవకుండానే ఆయన తరఫున పనిచేశాను నేను. నా గొంతుతోనే ఆయన కొట్టు నడుస్తోంది.

దారిలో ఆశాను అడిగాను, ఇలా వీడియో చూసి ఇంతకుముందు ఎవరైనా వెళ్ళారా అని. "ఇద్దరు పోయిన్రు మేడం. మీకు శాలువా కప్పిన దినాలల్లనే. మీరు సంబురంగ ఉంటిరని చెప్పలే." నోరు కత్తెర అన్న మనిషి నా కోసం ఆ ఒక్కసారి నోరు మూసుకుంది. అది నాకు ఇప్పటికీ బాధే. ఆ ఇద్దరి ముఖాలు నేను వెళ్ళి చూశాను. ఆ సంగతి ఇక్కడ రాయలేను.

గురువారానికి మధ్యలో రెండు రోజులున్నాయి. నోటితో చెబితే వినరని తేలిపోయింది. చేత్తో నేర్పిన తప్పును చేత్తోనే దిద్దాలి. మంగళవారం పొద్దున్నే సెలవు పెట్టి, బొమ్మ తీసుకుని సిరిసిల్ల వెళ్ళాను. ఇంట్లోంచి శాలువా కూడా తీసుకున్నాను. అంత మందపు గుడ్డ మా ఇంట్లో ఇంకొకటి లేదు.

"అన్నా, బటన్లన్నీ తీసెయ్యి. విడిపోకుండ కుట్టాలె."

"నేను ముందుగాలనే చెప్పిన" అన్నాడు పెద్దాయన. పనివాడికి ఆ మాట అనే హక్కు ఉంది.

మిషను పక్కన పీట వేసుకుని కూర్చుని ఒక్కొక్కటీ చెప్పాను. గర్భాశయం గాలిలో వేలాడదన్నా, ముందు వైపు మూత్రాశయం దాన్ని ఆనుకునే ఉంటుంది, వెనక వైపు పెద్దపేగు చివరి భాగం ఉంటుంది. కింద యోని దానికి అతికే ఉంటుంది, కలిపి కుట్టాలి. రెండు పక్కలా దుప్పటి మడతలా వెడల్పైన పొర, శాలువాలోంచి కత్తిరించు. కింది భాగంలో వెనక్కీ పక్కలకూ గట్టి కట్లు, కూర్చునీ లేచీ దగ్గేటప్పుడు లోపలివి జారకుండా పట్టుకునేవి అవే. ఈ పక్కల నుంచి రక్తనాళాలు వస్తాయి, ఎర్రదారం. ఆ దారంలోంచే ఒక పాయ అండాశయానికి పోతుంది. ఇక కిడ్నీల నుంచి మూత్రం దిగే సన్నటి గొట్టాలు రెండు, నీలిదారం, సరిగ్గా ఎర్రదారం కింది నుంచి పోవాలి, వేలెడు దూరం కూడా ఉండకూడదు.

ఆయన కుడుతూ కుడుతూ మిషను ఆపాడు.

"మా ఇంటామెకు తీసినప్పుడు స్టీలు గిన్నెల పెట్టి తెచ్చి చూపెట్టిన్రు. గింతే ఉండె. గింతదానికి గిన్ని కుట్లా చెల్లె?"

నేను అవునన్నాను.

"నేను గా గిన్నెల చూసి, పీడ పోయింది తియ్ అన్న. గప్పటి సంది ఒళ్ళంత కాలుతదంటది, కాళ్ళ బొక్కలు గుంజుతయంటది. పనికి దొంగ అని తిడుతుంటి." ఆయన సూది వైపు చూస్తూ మాట్లాడాడు. "ఎవ్వలు చెప్పకపోతిరి."

ఎవ్వరూ అంటే ఎవరో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ఆయన మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టి, సాయంత్రం దాకా ఇంకో పని ముట్టలేదు. ప్రతి కుట్టూ రెండుసార్లు వేశాడు. చివరికి దారం పళ్ళతో కొరికి, బొమ్మ నా చేతికిచ్చి "గుంజి చూడున్రి" అన్నాడు. గుంజాను, రాలేదు.

బుధవారం మధ్యాహ్నం మళ్ళీ అదే అరుగు. ఈసారి నేను పాఠం చెప్పలేదు. బొమ్మ పిల్ల చేతిలో పెట్టి "నువ్వే తియ్యమ్మా" అన్నాను.

పిల్ల నవ్వుతూ పట్టుకుని లాగింది. మిగతా వాళ్ళూ నవ్వారు. ఇంకోసారి లాగింది. మూత్రాశయం, యోని, అన్నీ కలిసి ముద్దగా దాని వెంటే వచ్చాయి గానీ గర్భాశయం విడిగా రాలేదు.

"బటన్ ఏది మేడం?"

"బటన్ లేదు. నేను చూపెట్టింది తప్పు. నీ కత్తెర ఉన్నది గదా, కోసి తియ్."

పొద్దున లేస్తే వందల ఆకులు కోసే చెయ్యి అది, కొలత తప్పదు. ముందు ట్యూబు కోసింది. పక్కనే అండాశయం పట్టు తప్పి జారి వేలాడింది. "ఇదెందుకు పడ్డది? దీన్ని నేను ముట్టలే గద" అంది. సగం రక్తం దానికి ఇటు నుంచే వచ్చేదని చెప్పాను. తర్వాత శాలువా పొర కోసింది. జరీ అంచు కనబడగానే ఆశా నా వైపు చూసింది, నేను చూడనట్టు ఉన్నాను. తర్వాత కింద ఎర్రదారం దగ్గర కత్తెర పెట్టి బిగించింది. రెండు దారాలు తెగాయి.

"గీ నీలిది ఏంది?"

"మూత్రం దిగే తొవ్వ."

"గది కొయ్యాల్నని లేకుండె నాకు."

"ఎవ్వలకు ఉండదు. తెలిసిన డాక్టర్లు గూడ గా జాగల భయపడుకుంట కోస్తరు. తియ్యాల్సిన రోగాలు ఉన్నయమ్మా, లేవంటలేను. గడ్డలుంటయి, క్యాన్సర్ ఉంటది. గప్పుడు తియ్యాల్సిందే. నీకు గవి ఉన్నయో లేవో ఇంకా ఒక్కలు గూడ చూడనే లేదు."

అరుగు మీద చేతులన్నీ ఆగిపోయాయి. బీడీలు చేసే ఇంట్లో చేతులు ఆగడం నేను అంతకుముందు చూడలేదు. చావు కబురు వచ్చినా చుడుతూనే ఏడుస్తారు. పిల్ల కత్తెర చాటలో పెట్టి, తెగిన నీలిదారం రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"రేపు గాడికి పోను" అంది. "ముందుగాల సర్కారు దవఖానల చూపెట్టుకుంట. చూసినంక తియ్యాలె అంటే తీపిచ్చుకుంట. గప్పుడు మీరు అడ్డం రావద్దు."

"రాను" అన్నాను. అంత న్యాయమైన షరతు నా పై అధికారులు కూడా ఎప్పుడూ పెట్టలేదు.

ఆమె సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గురువారం ఆశా, నేను వెంట వెళ్ళాం. డాక్టరమ్మ పరీక్ష చేసింది, క్యాన్సర్ పరీక్ష కూడా చేయించింది. గడ్డ లేదు, క్యాన్సర్ లేదు, ఇన్ఫెక్షన్ ఉంది. మొగుడికీ పెళ్ళానికీ కలిపి మందులిచ్చింది. ఆ మందులు మొగుడి చేత మింగించడానికి ఆశా పడిన పాట్లు వేరే కథ. తెల్లబట్ట తగ్గింది. నడుం నొప్పి తగ్గలేదు, ఎందుకంటే పని తగ్గలేదు. నా వీడియో కూడా తగ్గలేదు. తీసేయమని అందరినీ బతిమాలాను. గ్రూపుల్లోంచి పోయిన కొద్దీ ఇంకో గ్రూపులోకి వస్తోంది. నెల కిందట మా మరదలు శుభోదయంతో కలిపి నాకే పంపింది. బుధవారం నాటి పాఠాన్ని మాత్రం ఎవరూ వీడియో తీయలేదు. హెల్త్ అసిస్టెంటు ఆ రోజు రాలేదు, ఎక్కడో దోమల మీటింగు ఉందట.

అయితే ఆ బుధవారం అక్కడితో అయిపోలేదు.

ఆడవాళ్ళు మళ్ళీ చాటలు సర్దుకుంటున్నప్పుడు అత్త చెయ్యి చాపి బొమ్మ అడిగింది. ఇచ్చాను. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. కోడలు కోసిన చోట్లన్నీ వేలు పెట్టి తడిమింది. తర్వాత గోడకు గుచ్చి ఉన్న సూది తీసి, కొంగు దగ్గర పెట్టుకుని దారం ఎక్కించబోయింది. కళ్ళు ఆనలేదు. ఆశా ఎక్కించి ఇచ్చింది. ఆమె తెగిన శాలువా పొరను దగ్గరకు లాగి, వంకరటింకరగా కుట్టడం మొదలుపెట్టింది.

"నాది గూడ గిట్లనే కోసిన్రా?" అంది, తల ఎత్తకుండా.

"అవునమ్మా."

"ఇరవై ఎనిమిదేండ్లు గప్పుడు నాకు. గీ పిల్ల లెక్కనే. నడుం నొప్పనే పోయిన." నాలుగు కుట్లు వేసింది. "కుడితే అతుకుతదా?"

కోరుట్లలో ఇదే మాటకు నవ్విన నోరు నాది. "అతకదు" అన్నాను.

ఆమె తల ఊపింది. తెలిసిన సంగతే అడిగినట్టు. ఇంకా కుడుతూనే ఉంది.

"దవఖాన నుంచి వచ్చి ఇంట్ల పండుకున్న. ఒక నర్సమ్మ వచ్చింది, పెద్ద పుస్తకం పట్టుకొని. గడపల నిలవడి నా పేరడిగింది, ఎర్రపెన్నుతోని గీత కొట్టింది, పోయింది. ఎట్లున్నవని గూడ అడగలే. ఎందుకు తీసిన్రు, ఎవలు చెప్పిన్రు, ఏమడగలే. పేరు కొట్టేసెనేంది, సచ్చిపోయిన్నా నేను, అనుకున్న." అప్పుడు తల ఎత్తి నా ముఖం పరకాయించి చూసింది. "గా నర్సమ్మవు నువ్వైతే కాదు గద?"

"కాదమ్మా" అన్నాను.

నిజమే చెప్పాను. ఆ ఏళ్ళలో నేను ఇక్కడ లేను, గొల్లపల్లిలో ఉన్నాను. అక్కడి గీతలు నావి.